దండు మైలు, కరువు మైలు

మా మామ ఆదెయ్యకు రావలసిన మైలును మా నాయనకు ఇప్పించింది మా అమ్మే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా పల్లెలో ఆదెయ్య పేరెత్తితే ఎవరైనా అతని కుళ్ళుబోతుతనంతోనే మొదలుపెడతారు. తోడబుట్టినదాని మొగుడు నాలుగు మెతుకులు తింటే ఓర్వలేని మనిషి అంటారు. ఓర్వలేడన్న మాట నిజమే. కానీ ఆ మంట ఎక్కడ అంటుకుందో, అగ్గిపుల్ల ఎవరు గీశారో మాత్రం చెప్పరు.

ఆ రోజుల్లో ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోయే రోడ్డు మీద మైలుకొక కూలీ ఉండేవాడు. గుంతలు పూడ్చడం, గరుసు పరిచి దిమ్మిసతో కొట్టడం, వానాకాలంలో నీళ్ళు నిలవకుండా చూడడం అతని పని. పెట్టింది జిల్లా బోర్డు వాళ్ళే అయినా, తండ్రి చేసిన మైలు కొడుక్కి రావడం వాడుక. ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. పొలం పుట్రా లేని మాలాంటి ఇళ్ళకు ఆ మైలే పొలం. ఫలానా వాళ్ళ చేను అన్నట్టుగా ఫలానా వాళ్ళ మైలు అనేవారు.

మా అమ్మ తండ్రి వెంగయ్యది దండు మైలు. ముసలితనంలో ఆయనకు చూపు మందగించింది. కొడుకు ఆదెయ్య అప్పటికి గూడూరు పక్క అభ్రకం గనుల్లో పనికి పోయి ఉన్నాడు. ఎప్పుడైనా ఒకసారి వచ్చి, రెండు రోజులుండి, దగ్గుకుంటూ వెళ్ళిపోయేవాడు. తాత పక్కన నిలబడి పార పట్టింది అల్లుడు, అంటే మా నాయన రత్తయ్య. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు తాత పోయాడు. ఆదెయ్యకు కబురంది వచ్చేసరికి తాతను మట్టిలో పెట్టేశారు, మైలును మా నాయన చేతిలో పెట్టేశారు. నడిమధ్యన జరిగిందల్లా మా అమ్మ కామమ్మ, కూలీల మీది రోడ్డు మేస్త్రి నారాయణయ్య వాకిట్లో కూర్చుని ఏడవడమే. అన్న ఎక్కడో గనుల్లో ఉన్నాడనీ, వస్తాడో రాడో తెలియదనీ, ఇన్నాళ్ళూ పని చేసింది తన మొగుడేననీ చెప్పుకుంది. నారాయణయ్య చెడ్డవాడు కాదు. ఆడవాళ్ళ ఏడుపు తన వాకిట్లో ఎక్కువసేపు ఉండకూడదనుకునే మనిషి.

ఆదెయ్య మా ఇంటికి వచ్చి, భుజం మీది మూట దించకుండానే గడపలో నిలబడ్డాడు.

"నాయన మైలు ఎత్తుకుపోయినావా కామమ్మా?"

"ఎత్తుకుపోలేదు. నువ్వు లేవు, నేనుండా" అంది మా అమ్మ.

అతను లోపలికి రాలేదు. మేస్త్రి దగ్గరికి పోయాడు. మేస్త్రి ఇక్కడి వాడుక తనకు తెలుసుననీ, కానీ చెప్పిన మాట వెనక్కు తీసుకోలేననీ అన్నాడట. పక్క మైలు ఖాళీగా ఉందనీ, దాన్ని చేసేవాడు విసిగిపోయి వదిలేశాడనీ, కావాలంటే తీసుకోమనీ అన్నాడట. రోడ్డు ఒకటే కదా, అదైతేనేం ఇదైతేనేం అని కూడా అన్నాడట.

రోడ్డు ఒకటి కాదు. పేరుకే ఒకటి.

ఉదయగిరి దుర్గం గురించి, దాన్ని ఏలిన రాజుల గురించి, నవాబుల గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. కోట మీదికి పోయిన ప్రతి సైన్యం గురించీ రాశారు. ఆ సైన్యాల కాళ్ళ కింద దారి ఎవరు పరిచారో ఒక్కరూ రాయలేదు. రాసే ఉద్యోగం దొరికిన వాళ్ళకు నడిచే అవసరం ఉండదు కాబోలు. మా పల్లె ముసలివాళ్ళు చెప్పేది ఇది. కుంఫిణీ వాళ్ళు ఉదయగిరి జాగీరుదారు మీద అనుమానపడి పటాలాన్ని నడిపించిన కాలంలో, ఫిరంగి బండ్లు దిగబడకుండా ఈ దారి వేయించారట. అందుకే దీన్ని దండుబాట అన్నారు. ఎంతవరకు నిజమో నాకు తెలియదు. దాని మీద నడిస్తే మాత్రం నమ్మబుద్ధవుతుంది. అడుగున పెద్ద రాళ్ళను పడుకోబెట్టకుండా, దవడలో పళ్ళలాగా నిలబెట్టి, ఒకదానికొకటి ఆనించి పేర్చారు. సందుల్లో చిన్న రాళ్ళు కొట్టారు. పైన గరుసు పరిచారు. ఆ తరువాత నూరేళ్ళపాటు నడిచిన బండిచక్రాలన్నీ దాన్ని గట్టిపరిచాయే తప్ప చెడగొట్టలేదు.

అటువంటి రాతి మైళ్ళు చాలానే ఉండేవట. మా పల్లె దగ్గర వాగు దారి మార్చుకుని ఒక ముక్కను మింగేసింది. ధాతు కరువులో సర్కారువాళ్ళు గంజి పోసి పని చేయించుకున్నప్పుడు, ఆ పోయిన ముక్కకు బదులు రేగడి నేల మీద కొత్తగా రోడ్డు వేయించారు. రాయి తెచ్చే ఓపిక ఎవరికీ లేదు. గంపతో మట్టి పోయడం, కాళ్ళతో తొక్కడం, సాయంత్రం గంజి తాగడం. మా ముత్తవ్వ అందులో గంప మోసిందని మా అవ్వ చెప్పేది. గంప దించిన చోటే కూలిపోయిన వాళ్ళు కూడా ఉన్నారట. ఆ ముక్క పేరు కరువు మైలు. వానకు మెత్తబడి, ఎండకు పగిలి, ఏ కాలంలోనూ కుదురుగా ఉండదు. ఆదెయ్య చేతికి వచ్చింది ఇదీ.

మిషను బడి టీచరు లిదియమ్మ ఒకసారి అతనితో, అది మన పెద్దవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకుని వేసిన రోడ్డనీ, దాన్ని చూసుకునే భాగ్యం దొరికినందుకు గర్వపడాలనీ అంది. అతను తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని చాలా మర్యాదగా జవాబు చెప్పాడు.

"మా నాయనది పటాలం వాళ్ళ రోడ్డు టీచరమ్మా. అది ఇప్పించండి. గర్వం దానంతటదే వస్తాది."

ఊరికే మైలు పోతే అతను ఎప్పటికైనా మరిచిపోయేవాడేమో. కుండబండి మరవనివ్వలేదు.

ఏటా వానలు వెనకపట్టి రోడ్డు ఆరిన తరువాత, క్రిస్మసుకు ముందు, నారాయణయ్య తన ఎడ్లబండి కట్టేవాడు. బండిలో గడ్డి పరచకుండా, ఉత్త చెక్క మీద చుట్టకుదురు పెట్టి, దాని మీద నీళ్ళకుండను అంచుదాకా నింపి, ఒక మైలు మొదటి నుంచి చివరిదాకా ఎద్దుల ఇష్టం వచ్చిన నడకన పోనిచ్చేవాడు. చివర జొన్నదంటు ముంచి ఎంత నీళ్ళు మిగిలాయో చూసేవాడు. మళ్ళీ కుండ నింపి తరువాతి మైలు. ఎవరి మైలులో ఎక్కువ నీళ్ళు మిగిలితే అతనికి ఎర్రంచు కండువా. మేస్త్రి వాళ్ళ తాత దొరల దగ్గర పని చేశాడట. ఆ దొర రోడ్డు చూడడానికి బండిలో గాజుగ్లాసు పెట్టుకుని తిరిగేవాడట. గ్లాసు దొరతో పాటు పోయింది, కుండ మిగిలింది. ఈ సంగతి బోర్డు వాళ్ళకు తెలియనే తెలియదు. కండువా నారాయణయ్య తన చేతి డబ్బుతోనే కొనేవాడు.

కూలీలందరూ బండి వెనక నడిచేవాళ్ళు. బండి తన మైలులోకి రాగానే ఆదెయ్య మొహం చూడలేకపోయేవాళ్ళం. కుండలో నీళ్ళు తొణికినప్పుడల్లా ఎవరో చెంప మీద కొట్టినట్టు కళ్ళు మూసుకునేవాడు. తరువాత దండు మైలు. కుండ నిండు చూలాలిలాగా కదలకుండా కూర్చుని పోయేది. కండువా మా నాయనకు. క్రిస్మసు నాడు గుడిలో మా నాయన దాన్ని భుజం మీద వేసుకుని ముందు వరసలో కూర్చునేవాడు. ఆదెయ్య సరిగ్గా అతని వెనకే కూర్చునేవాడు. ఇంకో చోట కూర్చోవచ్చు కదా అని అతని పెళ్ళాం రెబెకమ్మ పోరేది. కూర్చునేవాడు కాదు. పాటలు పాడినంతసేపూ ఆ ఎర్ర అంచునే చూస్తుండేవాడు.

మా నాయన గురించి కూడా నిజం చెప్పాలి. ఆయన సోమరి. దండు మైలు మొదట్లో ఒక వేపచెట్టు ఉంది. పొద్దున పోయి దాని కింద పార పెట్టి, పక్కన తను కూర్చుని, చుట్ట ముట్టించి, పోయే బండ్లవాళ్ళను ఆపి కబుర్లు చెప్పించుకునేవాడు. ఎక్కడన్నా గుంత పడితే నాలుగు గంపల గరుసు పోసేవాడు. రోడ్డుకు రెండు పక్కలా గడ్డి మోకాలెత్తు పెరిగినా పట్టించుకునేవాడు కాదు. ఆ చెట్టు కింది నుంచి చూస్తే వంపు అవతల ఆదెయ్య వంగి పని చేస్తూ కనిపించేవాడు. పొద్దు పొడిచేటప్పటికే వచ్చేవాడు, చీకటి పడుతుంటే పోయేవాడు. దూరంగా వాగుకట్ట నుంచి గులకరాళ్ళు మోసుకొచ్చేవాడు. రెబెకమ్మ తలమీద, అతను కావడితో. రేగడి మీద రాయి పరిస్తే వానకు రాయి లోపలికి పోయేది. మళ్ళీ పరిచేవాడు. మళ్ళీ పోయేది. అట్లా ఏళ్ళ తరబడి ఆ నేలకు రాళ్ళు మేపాడు. పక్క కాలువలు లోతుగా తవ్వి, గడ్డి మొలవనివ్వకుండా చెక్కి, నీళ్ళు పడ్డవి పడ్డట్టు పారిపోయేటట్టు చేశాడు. రేగడి మీద అదే మార్గం.

కష్టపడే మనిషిని చూస్తే కష్టపడని మనిషికి వేళాకోళం పుడుతుంది. మా నాయన చుట్ట పొగ వదులుతూ ఇటునుంచి కేకేసేవాడు. "బావా, ఎన్ని రాళ్ళు మింగింది ఇయ్యాల? పొద్దుగూకింది, ఇంక దానికి మజ్జిగ పొయ్యి."

ఆదెయ్య ఆ మాటలన్నీ దాచుకునేవాడు.

వానలు సరిగ్గా పడని ఒక ఏడు కరువు మైలు గట్టిగా నిలబడింది. కుండబండి వచ్చింది. ఆదెయ్య మైలు చివర దంటు ముంచితే, మేస్త్రి అదేదో పొరపాటన్నట్టు మళ్ళీ ముంచాడు. కుండలో నీళ్ళు కొంచెం వెలితిగా ఉన్నాయి, అంతే. కూలీలు గుసగుసలాడారు. మా నాయన మొదటిసారి చుట్ట ఆర్పేసి బండి పక్కన నడిచాడు. దండు మైలు చివరికి వచ్చేసరికి తేడా బొటనవేలి గోరంత. ఆ గోరంత కూడా మా నాయనకే ఎక్కువ. ఆదెయ్య కొత్త దంటు తెమ్మన్నాడు, కుండ మార్చమన్నాడు, ఎద్దులు కరువు మైలులో ఉచ్చ పోయడానికి నిలబడినప్పుడు బండి కుదిపిందన్నాడు.

"కుండకు చెమట పట్టిందేమో బావా, తుడిచి చూడు" అన్నాడు మా నాయన. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

ఆదెయ్య కండువా వైపు చూపించి మేస్త్రితో అన్నాడు. "రత్తయ్యకెందుకు అది? ఆ మైలురాయి మెడకు కట్టు. ఈయన చేసిందేముండాది ఆడ, చెట్టు కింద కూసోడం తప్ప? నాయన మైలు నా చేతికి ఒక్క ఏడు ఇచ్చి చూడు. అప్పుడు తెలస్తాది మైలు ఎవరిదో."

నారాయణయ్యకు ఈ తగాదా విని విని విసుగెత్తి ఉంది. రోడ్డు మధ్యలో నిలబడే తీర్పు చెప్పాడు. ఒక ఏడు ఇద్దరూ మైళ్ళు మార్చుకోవాలి. వచ్చే కుండబండికి ఎవరు గెలిస్తే దండు మైలు వాళ్ళది. ఇక చచ్చేదాకా దాని గురించి నోరెత్తకూడదు.

ఆ రోజు మా ఇంట్లో మా అమ్మ కుండలు దభాలున ఎత్తెత్తి పెట్టింది. తను ఏడ్చి తెచ్చిన మైలును ఇట్లా పందెంలో పెట్టే హక్కు ఎవరిచ్చారని అడిగింది. మా నాయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ మైలు పాడు చేద్దామన్నా పాడయ్యేది కాదనీ, ఏడాది తరువాత వాళ్ళ అన్న నోరు శాశ్వతంగా మూతబడుతుందనీ చెప్పి, అన్నం పెట్టమన్నాడు.

ఆదెయ్య మరుసటి రోజే దండు మైలులో దిగాడు. దిగే ముందు తలగుడ్డ తీసి మైలు మొదట్లో ఉన్న మైలురాయిని చుట్టూ తుడిచాడు. ఎండాకాలమంతా అతనూ రెబెకమ్మా అక్కడే. మా నాయన వదిలేసిన గడ్డినంతా వేళ్ళతో సహా పెరికి తగలబెట్టారు. గడ్డి కింద దాగిన అంచురాళ్ళు బయటపడి తెల్లగా వరసగా కనిపించాయి. వాటిని ఆనుకుని రెండు పక్కలా నడుము లోతున కాలువలు తవ్వారు. ఏళ్ళుగా తను నేర్చుకున్నదంతా, కరువు మైలు మీద వృథా అయిందనుకున్న కష్టమంతా, తండ్రి మైలు మీద పెట్టాడు. ఎర్రగరుసు జల్లెడ పట్టి పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, చీపురుతో ఊడ్చాడు. రోడ్డును ఊడ్చిన మనిషిని నేను అతన్ని తప్ప చూడలేదు.

రోడ్డు మెరిసిపోయింది. ఉదయగిరి బస్సు డ్రైవరు అక్కడ బండి ఆపి, ఈ మైలు మీద స్టీరింగు వదిలేసి నిద్రపోవచ్చు అన్నాడు. కలిగిరి వైపు పోయే బండ్లవాళ్ళు కూడా అటుపక్క పని లేకపోయినా వచ్చి చూసి పోయారు. ఆదెయ్య నడక మారింది. మనుషులను చూసి ముందుగా తనే పలకరించడం మొదలుపెట్టాడు. రెబెకమ్మ మా అమ్మతో మాట్లాడింది. ఆ ఎండాకాలం ఆ ఇంట్లో నవ్వులు మా ఇంటిదాకా వినిపించేవి.

ఒక సాయంత్రం మా నాయన చూడడానికి పోయాడు. నేనూ పక్కన ఉన్నాను. మైలు మొదట్లో నిలబడి చివరిదాకా చూశాడు. చుట్ట ముట్టించుకోలేదు. ఆదెయ్య చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చాడు.

"గడ్డి మొత్తం తీసేసినావా బావా?" అన్నాడు మా నాయన.

"నీ గడ్డి నీకు కావాలంటే మోపు కట్టిస్తా, ఎత్తుకుపో."

మా నాయన ఏదో చెప్పబోయి ఆగాడు. తరువాత, బాగుండాది అని ఒక్క మాట అని తిరిగాడు. ఇంటికి వచ్చి సంగటి ముద్ద సగంలో వదిలి లేచాడు. ఆయన తిండి వదలడం మేమెప్పుడూ చూడలేదు.

కార్తీకంలో తుఫాను పట్టింది. పెన్న సంగం దగ్గర గట్లు దాటిందని కబురొచ్చింది. మా పక్క వాగులన్నీ ఒకటయ్యాయి. రేగడి మీద లోతు కాలువలు నీళ్ళను తీసుకుపోతాయి. దండు మైలు పక్కన కూడా తీసుకుపోయాయి, కానీ పోతూ పోతూ ఒట్టి మట్టి అంచును తినుకుంటూ పోయాయి. గడ్డి వేళ్ళు పట్టి ఉంచాల్సిన మట్టిని ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు. నీళ్ళు రాళ్ళ కిందికి దూరాయి. ముందు అంచురాళ్ళు కాలువలోకి ఒరిగాయి. వాటిని ఆనుకున్న వరస వదులయింది. దాన్ని ఆనుకున్నది ఆ తరువాత. ముసలివాడి పళ్ళలాగా ఒకటి కదిలితే పక్కది కదిలింది. ఫిరంగులు చెడగొట్టలేని మైలు ఆ వారంలో కూలిపోయింది.

వాన కొంచెం తెరిపిచ్చిన మధ్యాహ్నం ఊరంతా పోయి చూశాం. ఆదెయ్య నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఒరిగిన రాయిని రెండు చేతులతో ఎత్తి, నిలబెట్టి, చేతులు తీసేవాడు. అది మళ్ళీ పడేది. రెబెకమ్మ గట్టు మీద నిలబడి, వచ్చేయమని ఏడుస్తోంది. నలుగురం దిగి అతన్ని పట్టుకుని పైకి లాగాం. మా నాయన దిగలేదు.

రోడ్డు ఆరింది. బోర్డువాళ్ళు బయటి కూలీలతో గుంతల్లో మట్టి పోయించి బండ్లు పోయేటట్టు చేశారు. కుండబండి ఆ ఏడు ఉండదనుకున్నాం. కానీ ఆదెయ్యే మేస్త్రి ఇంటికి పోయి, చెప్పిన తీర్పు ప్రకారం బండి కట్టమన్నాడట.

ఈసారి మేస్త్రి ముందు దండు మైలుకే పోనిచ్చాడు. కుండ సగం దూరం కూడా పోలేదు. ఒక గుంతలో బండి చక్రం దిగి, కుండ బోర్లా పడి పగిలింది. ఎవరూ నవ్వలేదు. మేస్త్రి ఇంకో కుండ తెప్పించి కరువు మైలుకు పోనిచ్చాడు. ఆ మైలులో మా నాయన ఆ ఏడంతా ఏమీ చేయలేదు. పారకు మట్టి కూడా అంటలేదు. అయినా అంత తుఫానుకు ఆ మైలు నిలబడింది. ఏళ్ళ తరబడి ఆదెయ్య మేపిన రాళ్ళు ఎక్కడో అడుగున ఒకదానిమీద ఒకటి కూర్చుని ఉన్నాయి. అతను తవ్విన కాలువలు నీళ్ళను తీసేశాయి. బండి అక్కడక్కడా ఊగింది గానీ ఎక్కడా దిగబడలేదు. మైలు చివర దంటు ముంచితే కుండలో సగానికి పైన నీళ్ళున్నాయి.

మేస్త్రి కండువా తీశాడు. ఆదెయ్య ముందుకు వచ్చి కుండ మీద చెయ్యి వేశాడు.

"ఈ నీళ్ళు నావి."

"ఈ ఏడు ఈ మైలు రత్తయ్యది కదరా" అన్నాడు మేస్త్రి.

"మైలు ఆయనది. నీళ్ళు నావి. ఆ రాళ్ళు నేను మోసినవి, నా పెళ్ళాం మోసినవి. అడుగు ఆయన్ని, ఒక్క రాయి ఏసినాడేమో."

అందరూ మా నాయన వైపు చూశారు. ఆయన ఆ క్షణంలో వెయ్యలేదు అని ఒక్క మాట అని ఉంటే, కండువా తీసి బావ భుజాన వేసి ఉంటే, ఈ కథ ఇంకోలా పోయేది. ఆయన నేల చూస్తూ చెయ్యి చాపాడు. మేస్త్రి ఆ చేతిలో కండువా పెట్టాడు. దండు మైలు, అది ఏ స్థితిలో ఉన్నా, మళ్ళీ మాదయింది. ఆదెయ్య కుండలోని నీళ్ళు రోడ్డు మీద పారబోసి వెళ్ళిపోయాడు. ఆ ఏడు క్రిస్మసుకు మా నాయన ముందు వరసలో కూర్చున్నాడు గానీ, కండువా వేసుకోలేదు. వెనక చోటు ఖాళీగా ఉంది.

ఆ తరువాత కుండబండి మళ్ళీ కట్టలేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండేళ్ళకు హైవేసు వాళ్ళు వచ్చారు. రోడ్డింజను వచ్చింది, తారు పీపాలు వచ్చాయి. మైలుకొక కూలీ పద్ధతి తీసేసి అందరినీ ఒక గ్యాంగులో వేశారు. ఎక్కడికో పోయి కంకర తేవడం ఎందుకని, దండు మైలులో మిగిలిన నిలువురాళ్ళను పెరికి, పగలగొట్టి, రెండు మైళ్ళకూ పరిచారు. ఆ పెరికే పనికి ఇంకెవరినీ పెట్టవద్దని, తననే పెట్టమని ఆదెయ్య కంట్రాక్టరును బతిమాలాడు. ఎందుకని ఆయన అడిగితే, అది తన నాయన మైలు అన్నాడట. కంట్రాక్టరుకు అర్థం కాలేదు. గడ్డపార ఇచ్చాడు.

ఇప్పుడు బస్సులో పోతే ఏది దండు మైలో ఏది కరువు మైలో ఎవరికీ తెలియదు. రెండూ నల్లగా ఒకేలాగా ఉన్నాయి.

నేను అప్పటికి నెల్లూరులో ఒక ప్రెస్సులో అచ్చుపని చేస్తూ, ఇతరుల పుస్తకాలకు అక్షరాలు పేరుస్తూ, నా పేరు ఎక్కడా లేదని కుళ్ళుకుంటూ ఉన్నాను. అందుకే ఆదెయ్య నాకు అర్థమవుతాడనుకుంటాను. మా నాయనకు జబ్బు చేసిందని కబురొస్తే ఇంటికి పోయాను. మంచం మీద ఆయన సగం అయిపోయి ఉన్నాడు. మా అమ్మ నీళ్ళకు పోయినప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు. తాత తనకు చెప్పిన మాట ఒకటుందన్నాడు. రోడ్డంచున గడ్డి పెరకవద్దు, గడ్డి పోతే నీళ్ళు రాళ్ళ కిందికి పోతాయి అని తాత చెప్పాడట. పార పట్టిన మొదటి రోజే చెప్పాడట. గడ్డి కోయకుండా వదిలేసే తన బద్ధకానికి కూడా అది బాగా పనికొచ్చిందని చెప్పి కొంచెం నవ్వాడు.

"మీ మామకు చెప్దామనే పోయినాను ఆ పొద్దు. వానలకు ఇంకా టయిముండాది, మళ్ళీ గడ్డి నాటుకునుండొచ్చు. ఆ మైలు అట్టా మెరుస్తుంటే చూసినా. నా చేతిలో ఎప్పుడూ అట్టా లేదురా అది. చెప్పబుద్ధి కాలేదు."

నాలుగు రోజులకు పోయాడు. ఆదెయ్య పూడ్చేచోటికి వచ్చి, దూరంగా నిలబడి, మట్టి వేయకుండా వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు మా అమ్మను చూడడానికి వచ్చి, తిరిగి నెల్లూరికి పోతూ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. ఆదెయ్య తారు అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. గ్యాంగులో నుంచి తీసేశారట. దగ్గు ఎక్కువైంది. అభ్రకం ఇంకా ఊపిరిలో మెరుస్తూనే ఉందేమో. నెల్లూరులో ఏం చేస్తున్నావని అడిగాడు. చెప్పాను. ఎవరి పుస్తకాలని అడిగాడు. ఎవరెవరివో అన్నాను. దూరంగా ఆత్మకూరు బస్సు దుమ్ము లేకుండా వస్తోంది.

"అల్లుడా, మీ నాయన ఇంట్లో నన్ను గురించి మాట్లాడేటోడా?" అన్నాడు.

మాట్లాడేవాడన్నాను.

"నేను ఆయన్ని చూసి ఏడ్చినానని ఊరంతా ఎరుగును. ఆయన ఎప్పుడన్నా నన్ను చూసి కుళ్ళుకున్నాడా? ఒక్కసారన్నా?"

తాత చెప్పిన మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట చెబితే, గడ్డి సంగతి చెప్పాలి. గడ్డి సంగతి చెబితే, మైలు ఎట్లా పోయిందో చెప్పాలి. అతను మా నాయన గురించి అడగలేదు, తన గురించి అడిగాడు.

"కుళ్ళుకున్నాడు మామా. నువ్వు దండు మైలు చేసిన ఏడు. చూసొచ్చి అన్నం తినలేదు" అన్నాను.

ఆదెయ్య నా మొహంలోకి చాలాసేపు చూశాడు. బస్సు వచ్చి ఆగింది. నేను ఎక్కి కమ్మీ పట్టుకున్నాక కూడా అతను తలెత్తి నన్నే చూస్తున్నాడు.

"అబద్ధమాడతుండావు" అన్నాడు. "ఇంకోసారి చెప్పు."